‘పని’ని ఇంగ్లీషులో చెప్పేటప్పుడు ‘వర్క్’ ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు: పూర్తి గైడ్

‘యాజ్ ఐ హ్యావ్ యాన్ అర్జెంట్ పీస్ ఆఫ్ వర్క్ ఎట్ హోమ్...’ బళ్ళో లీవ్ లెటర్ రాసిన ఎవరికైనా ఈ వాక్యం నిద్రలో లేపి అడిగినా వచ్చేస్తుంది. మేనమామ పెళ్ళయినా, క్రికెట్ మ్యాచ్ అయినా, అమ్మమ్మ వాళ్ళ ఊరికి వెళ్ళాలన్నా అదే వాక్యం. అందులో ‘ఎ వర్క్’ అనకుండా మధ్యలో ఆ ‘పీస్ ఆఫ్’ ఎందుకు పెట్టారో మాత్రం ఎవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు. అలా ఆరో తరగతిలోనే కరెక్టుగా రాసినవాళ్ళం, ఉద్యోగంలో చేరాక ‘టుడే ఐ హ్యావ్ త్రీ వర్క్స్’ అని మెయిల్ పెడతాం.

నేనూ పెట్టాను. ‘ఆల్ ది వర్క్స్ ఆర్ ఓవర్’ అని రాస్తే, అవతల వేరే దేశంలో ఉన్నాయన ‘విచ్ వర్క్స్?’ అని తిరుగు జవాబు ఇచ్చాడు. ఎగతాళి కాదు, ఆయనకు నిజంగానే అర్థం కాలేదు.

‘వర్క్స్ అనొచ్చా, అనకూడదా’ అని అడిగేవాళ్ళే ఎక్కువ కాబట్టి ఇక్కడ అదొక్కటే కాకుండా, ఆ మాటను రోజువారీ వాక్యాల్లో ఏ వరసలో సరిచేసుకుంటూ రావాలో మొత్తం రాస్తున్నాను. గ్రామర్ పుస్తకం అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, రెండు మూడు రోజుల ఓపిక చాలు.

1. ముందు మీ ‘పని’ వాక్యాలు రాసి పెట్టుకోండి

ఇంగ్లీషు జోలికి ఇప్పుడే పోవద్దు. ఒక రోజంతా మీ నోటి వెంట ‘పని’ అనే మాట ఎన్నిసార్లు వస్తుందో గమనించండి, వచ్చినప్పుడల్లా ఆ వాక్యాన్ని తెలుగులోనే ఫోన్‌లోనో పుస్తకంలోనో రాయండి. సాయంత్రానికి ఇలాంటి జాబితా తయారవుతుంది:

- బ్యాంకులో చిన్న పని ఉంది.
- ఆఫీసులో పని ఎక్కువగా ఉంది.
- మీతో ఒక పని పడింది.
- ఈ ఛార్జర్ పనికిరాదు.
- మా తమ్ముడు హైదరాబాద్‌లో పని చేస్తున్నాడు.
- నీ పని నువ్వు చూసుకో.
- వెళ్ళిన పని అయిందా?

ఇంకో నాలుగు మీవి కలపండి. కనీసం పది ఉండాలి, ఎందుకంటే కింది అడుగులన్నీ ఈ జాబితా మీదే నడుస్తాయి. ఊరికే చదివి వదిలేస్తే మళ్ళీ సోమవారం మెయిల్‌లో ‘వర్క్స్’ ప్రత్యక్షమవుతుంది.

2. ఏ పనో తేల్చండి (అసలు కథంతా ఇక్కడే ఉంది)

మన ‘పని’ ఒక్కటే మాట, కానీ అది ఇంగ్లీషులో ఏడెనిమిది మాటలుగా విడిపోతుంది. వాటిలో ‘వర్క్’ ఒకటి మాత్రమే. మనం చేసే తప్పుల్లో సగానికి పైగా గ్రామర్ తప్పులు కావు, ‘వర్క్’ అవసరమే లేని చోట దాన్ని ఇరికించడం వల్ల వచ్చేవి. అందుకే ‘ఎ’లు, ‘ఎస్’లు సరిచేసే ముందు, రాసుకున్న ప్రతి వాక్యం పక్కన అది ఏ రకం పనో రాయండి.

*బయటి చిన్నాచితకా పనులు.* బ్యాంకు, మీసేవ, గ్యాస్, దర్జీ దగ్గర జాకెట్టు తెచ్చుకోవడం. వీటికి ఇంగ్లీషులో ‘ఎర్రండ్స్’ అనే మాట ఉంది: ‘ఐ హ్యావ్ ఎ ఫ్యూ ఎర్రండ్స్ టు రన్.’ అమెరికాలో ఉన్నవాళ్ళు దీన్ని రోజూ వింటారు. మన దగ్గర మాట్లాడేటప్పుడు మాత్రం నా సలహా వేరే. ఆ పని పేరే చెప్పేయండి. ‘ఐ హ్యావ్ టు గో టు ది బ్యాంక్’ అంటే సరిపోయింది, ‘ఐ హ్యావ్ ఎ స్మాల్ వర్క్ ఇన్ ది బ్యాంక్’ అవసరం లేదు. ఇంకా చెప్పాలంటే, రెండో వాక్యం వింటే మీకు బ్యాంకులో ఏదో ఉద్యోగం ఉందేమో అనిపిస్తుంది.

*ఇంటి పనులు.* అంట్లు, బట్టలు, ఊడవడం, తుడవడం. వీటిని విడివిడిగా లెక్కపెడితే ‘చోర్స్’, అంతా కలిపి చెబితే ‘హౌస్‌వర్క్’. మొదటి దానికి చివర ‘ఎస్’ ఉంది, రెండోదానికి ఎప్పుడూ రాదు.

*ఆఫీసులో అప్పగించిన పనులు.* ఒక్కొక్కటిగా అయితే ‘టాస్క్’. లేదంటే ఇంకా తేలికగా ‘థింగ్’. ‘ఐ హ్యావ్ త్రీ థింగ్స్ టు ఫినిష్ టుడే’ అనేది చాలా సహజమైన వాక్యం, మనవాళ్ళు ‘థింగ్’ అంటే వస్తువే అనుకుని దాన్ని వాడరు. మొత్తంగా చెప్పాలంటే అప్పుడు ‘వర్క్’.

*ఉద్యోగం.* ‘జాబ్’. దీనికి విడిగా ఒక అడుగు ఉంది, కింద చూద్దాం.

*మనిషితో పని.* ‘మీతో చిన్న పని ఉందండీ’ అని ఫోన్ చేస్తాం. ‘ఐ హ్యావ్ ఎ స్మాల్ వర్క్ విత్ యూ’ అనే వాక్యం ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాళ్ళకు అర్థం కాదు. ‘కెన్ ఐ టాక్ టు యూ ఎబౌట్ సంథింగ్?’ అనండి. సాయం కావాలంటే ‘ఐ నీడ్ ఎ స్మాల్ ఫేవర్’. మన ‘పని ఉంది’లో ఉన్న మొహమాటం రెండింటిలోనూ వచ్చేస్తుంది.

*హఠాత్తుగా పడ్డ పని.* ‘సారీ, చిన్న పని పడింది, రాలేకపోతున్నా.’ దీనికి సరిగ్గా అతికే మాట ‘సారీ, సంథింగ్ కేమ్ అప్’. ఏం వచ్చిందో చెప్పనక్కర్లేదు, మన ‘పని పడింది’ ఎంత గుట్టుగా ఉంటుందో ఇదీ అంతే గుట్టు. ఈ ఒక్క వాక్యం కంఠతా పట్టినా లాభమే.

*పనికిరావడం, పనికిరాకపోవడం.* ఇందులో ‘యూజ్’ వస్తుంది. ‘దిస్ ఛార్జర్ ఈజ్ నో యూజ్.’ ‘ఇట్ ఈజ్ నాట్ కమింగ్ టు వర్క్’ అని ఎక్కడా లేదు. ఛార్జర్ పాడైతే మాత్రం ‘ఇట్ ఈజ్ నాట్ వర్కింగ్’ కరెక్టే, అక్కడ వర్క్ క్రియ.

*పని అవడం.* ‘వెళ్ళిన పని అయిందా?’ అంటే ‘డిడ్ యూ గెట్ ఇట్ డన్?’. ‘పని కాలేదు’ అంటే ‘ఇట్ డిడంట్ వర్క్ అవుట్’.

*ఎవరి పని వాళ్ళు చూసుకోవడం.* ‘యూ సీ యువర్ వర్క్’ కాదు. ‘మైండ్ యువర్ ఓన్ బిజినెస్.’ ఇక్కడ పని కాస్తా ‘బిజినెస్’ అయింది చూడండి. కాస్త మొరటుగా ఉంటుంది, తెలుగులో ఎంత మొరటో అంతే.

ఇక ఇంగ్లీషులోకి తీసుకెళ్ళకుండా ఇక్కడే వదిలేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ‘నీ పని చెప్తా’ అనే బెదిరింపుని ‘ఐ విల్ టెల్ యువర్ వర్క్’ అంటే అవతలివాడు రాసుకోవడానికి పెన్ను తీస్తాడు. ‘పనిలో పనిగా ఇది కూడా చేసెయ్’ అనేదానికి మాత్రం చక్కటి జోడీ ఉంది: ‘వైల్ యూ ఆర్ ఎట్ ఇట్’.

ఇప్పుడు మీ జాబితా చూడండి. పదిలో నిజంగా ‘వర్క్’ అవసరమైనవి మూడో నాలుగో మిగులుతాయి. ఇక పైన చేసేదంతా ఆ మూడు నాలుగింటి కోసమే.

3. ‘ఎ’ తీసేయండి, ‘ఎస్’ తీసేయండి

తెలుగులో ‘రెండు ఉప్పులు వెయ్యి’ అనం. ‘రెండు చెంచాల ఉప్పు’ అంటాం. ‘మూడు ఇసుకలు’ అనం, ‘మూడు లారీల ఇసుక’ అంటాం. ఇంగ్లీషు వాళ్ళ దృష్టిలో ‘వర్క్’ ఉప్పు లాంటిది, ఇసుక లాంటిది. కుప్పగా ఉంటుంది, లెక్కకు రాదు. మన ‘పని’ అలా కాదు, ఒక పని, రెండు పనులు అని హాయిగా లెక్కపెడతాం. చిక్కంతా ఈ తేడాతోనే.

కాబట్టి మామూలుగా ‘పని’ అనే అర్థంలో:

- ‘ఐ హ్యావ్ ఎ వర్క్’ కాదు, ‘ఐ హ్యావ్ వర్క్’ లేదా ‘ఐ హ్యావ్ సమ్ వర్క్’.
- ‘మెనీ వర్క్స్’ కాదు, ‘ఎ లాట్ ఆఫ్ వర్క్’.
- ‘హౌ మెనీ వర్క్స్ ఆర్ లెఫ్ట్?’ కాదు, ‘హౌ మచ్ వర్క్ ఈజ్ లెఫ్ట్?’
- ‘ఐ ఫినిష్డ్ ది వర్క్స్ అండ్ సెంట్ దెమ్’ కాదు, ‘ఐ ఫినిష్డ్ ది వర్క్ అండ్ సెంట్ ఇట్’.
- ‘ఆల్ ది వర్క్స్ ఆర్ డన్’ కాదు, ‘ఆల్ ది వర్క్ ఈజ్ డన్’.

చివరి రెండు జాగ్రత్తగా చూడండి. చాలామంది ‘ఎస్’ తీసేస్తారు గానీ వెనకాల వచ్చే ‘దెమ్’నీ, ‘ఆర్’నీ మర్చిపోతారు. ‘ఆల్’ అని ముందు ఉండేసరికి ‘ఆర్’ దానంతటదే నోటికొచ్చేస్తుంది. వర్క్ ఎంత కొండంత ఉన్నా అది ‘ఇట్’, ‘ఈజ్’ మాత్రమే.

‘ది’ పెట్టొచ్చా అంటే, ఏ పనో ఇద్దరికీ తెలిసినప్పుడు తప్పకుండా పెట్టొచ్చు. ‘ఐ ఫినిష్డ్ ది వర్క్ యూ గేవ్ మీ.’ మీరిచ్చిన ఆ పని అన్నమాట.

‘మచ్’ గురించి చిన్న మాట. ‘ఐ హ్యావ్ మచ్ వర్క్’ తప్పని కొట్టేయలేం గానీ, అలా ఎవరూ మాట్లాడరు. ప్రశ్నల్లో, లేదనే వాక్యాల్లో ‘మచ్’ బావుంటుంది: ‘ఐ డోంట్ హ్యావ్ మచ్ వర్క్ టుడే.’ ఉందని చెప్పేటప్పుడు ‘ఎ లాట్ ఆఫ్’ వాడండి. ‘టూ మచ్ వర్క్’, ‘సో మచ్ వర్క్’ ఎక్కడైనా చెల్లుతాయి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ‘వర్క్ ముందు ఎ రాదు’ అని బట్టీ పట్టేసి, కొందరు కరెక్టుగా ఉన్న వాక్యాల్లోంచి కూడా ‘ఎ’ పీకేస్తారు. ‘ఎ వర్క్ కాల్’, ‘ఎ వర్క్ ట్రిప్’, ‘ఎ వర్క్ పర్మిట్’ అన్నీ సరైనవే. అక్కడ ‘ఎ’ వర్క్‌ది కాదు, వెనకాల ఉన్న కాల్‌ది, ట్రిప్‌ది. ‘ఎ లిటిల్ వర్క్’లో ‘ఎ’ కూడా అంతే, అది ‘లిటిల్’తో కలిసి వచ్చింది. అది తీసేసి ‘లిటిల్ వర్క్’ అంటే ‘పెద్దగా పనేం లేదు’ అని అర్థం మారిపోతుంది కూడా.

4. లెక్క చెప్పాల్సి వస్తే కొలతను పట్టుకోండి

ఉప్పుకు చెంచా ఉన్నట్టు వర్క్‌కూ కొలతలున్నాయి. లీవ్ లెటర్‌లో ‘పీస్ ఆఫ్ వర్క్’ అందుకే వచ్చింది.

- ‘ఎ బిట్ ఆఫ్ వర్క్’: కొంచెం పని.
- ‘టూ అవర్స్ ఆఫ్ వర్క్’: రెండు గంటల పని.
- ‘ఎ డేస్ వర్క్’: ఒక రోజు పని. ‘ఇట్స్ ఎ డేస్ వర్క్’ అని మేస్త్రీ లెక్క చెప్పినట్టు చెప్పొచ్చు.
- ‘ఎ పీస్ ఆఫ్ వర్క్’: ఒక పని, ముఖ్యంగా రాసింది, గీసింది, తయారుచేసింది.

చివరిదాన్ని మనిషికి తగిలించకండి. ‘షి ఈజ్ ఎ పీస్ ఆఫ్ వర్క్’ అంటే మెచ్చుకోలు కాదు, ‘ఆవిడ మామూలు మనిషి కాదు బాబోయ్’ అని వెటకారం. పనికి వాడితే మర్యాద, మనిషికి వాడితే గొడవ.

ఇలాంటిదే ఇంకొకటి. ఇంటికి రంగులు, ఫ్లోరింగ్ చేయిస్తున్నప్పుడు ‘వి ఆర్ గెటింగ్ సమ్ వర్క్ డన్ ఆన్ ది హౌస్’ అనేది మంచి వాక్యం. కానీ ఇంటి మాట ఎత్తకుండా ఒకావిడ గురించి ‘షి హ్యాడ్ సమ్ వర్క్ డన్’ అన్నారనుకోండి, ముఖానికి ప్లాస్టిక్ సర్జరీ చేయించుకుందని అర్థం. విదేశాల్లో ఉన్నవాళ్ళు పక్కింటావిడ గురించి అమాయకంగా ఈ మాట అనకండి.

5. ‘వర్క్స్’ కరెక్ట్ అయ్యే చోట్లు

‘మరి పీడబ్ల్యూడీలో ‘వర్క్స్’ ఉంది కదా, గవర్నమెంటే తప్పు రాసిందా?’ అనేది తప్పకుండా వచ్చే ప్రశ్న. రాయలేదు. పబ్లిక్ వర్క్స్, సివిల్ వర్క్స్, ఇరిగేషన్ వర్క్స్ అన్నప్పుడు అవి కట్టడాల పనులు. రోడ్డు, కాలువ, వంతెన, చెరువు కట్ట లాంటివి. ఆ అర్థంలో ‘వర్క్స్’ సరైన మాటే, టెండర్ నోటీసుల్లో అలానే ఉండాలి. మీరు కాంట్రాక్టరో ఇంజనీరో అయితే ఉద్యోగ రీత్యా రోజూ రాస్తారు కూడా. ఆ అలవాటుతోనే ‘ఐ హ్యావ్ సమ్ వర్క్స్ ఎట్ హోమ్’ అన్నప్పుడే చిక్కు. మీ ఇంట్లో ఆనకట్ట కడుతున్నారేమో అనిపిస్తుంది.

రెండో చోటు కళ, సాహిత్యం. ఒక బొమ్మ ‘ఎ వర్క్ ఆఫ్ ఆర్ట్’, ఒక కవి రచనలన్నీ కలిపితే ‘కంప్లీట్ వర్క్స్’. ఇక్కడ ‘ఎ’ కూడా వస్తుంది, ‘ఎస్’ కూడా వస్తుంది.

ఇంకా, ఫ్యాక్టరీ అర్థంలో స్టీల్‌వర్క్స్, గ్యాస్‌వర్క్స్, నీళ్ళ సరఫరాకు వాటర్‌వర్క్స్. బ్రిటన్‌లో రోడ్డు తవ్వి పెడితే ‘రోడ్‌వర్క్స్’ అని బోర్డు ఉంటుంది, అమెరికాలో అదే ‘రోడ్ వర్క్’.

‘షి వర్క్స్ ఇన్ వైజాగ్’లో ‘ఎస్’ సంగతి వేరు. అది క్రియ. అనుమానం వస్తే ఆ చోట ‘పని చేస్తుంది’ పెట్టి చూడండి. అతికితే ‘ఎస్’ ఉంచండి. ‘పనులు’ అని అతికితే, అవి పైన చెప్పిన కట్టడాలో రచనలో అయితే తప్ప, తీసేయండి.

6. పనికి వెళ్ళడం, పనిలో ఉండటం

‘వర్క్’కి పని చేసే చోటు అనే అర్థం కూడా ఉంది. అప్పుడు దాని ముందు ‘ది’ రాదు. ‘గో టు స్కూల్’ అన్నట్టే ‘గో టు వర్క్’.

- ‘ఐ యామ్ గోయింగ్ టు వర్క్.’ (‘టు ది వర్క్’ కాదు. ‘ఆఫీస్’ వాడితే మాత్రం ‘టు ది ఆఫీస్’.)
- ‘ఐ యామ్ ఎట్ వర్క్.’ ఆఫీసులోనో షాపులోనో పని చేసే చోట ఉన్నాను.
- ‘ఐ విల్ కాల్ యూ ఆఫ్టర్ వర్క్.’ డ్యూటీ అయ్యాక చేస్తాను.
- ‘ఐ యామ్ లేట్ ఫర్ వర్క్.’
- ‘హౌ ఈజ్ వర్క్?’ ఉద్యోగం ఎలా ఉంది అని కుశలం అడగడం.

మనం ఎక్కువగా తప్పేది ‘ఐ యామ్ ఇన్ వర్క్’ దగ్గర. ‘పనిలో ఉన్నా, తర్వాత చేస్తా’ అని ఫోన్‌లో అంటాం కదా, దాని నకలు ఇది. బ్రిటన్‌లో ‘ఇన్ వర్క్’ అంటే ఉద్యోగం ఉందని అర్థం, చేతిలో పనిలో ఉన్నానని కాదు. మీరు చెప్పాలనుకున్నది ‘ఐ యామ్ ఇన్ ది మిడిల్ ఆఫ్ సంథింగ్’ లేదా తేలిగ్గా ‘ఐ యామ్ బిజీ’. ‘ఇన్ వర్క్’కి ఎదురు మాట ‘అవుట్ ఆఫ్ వర్క్’. ‘ఐ యామ్ అవుట్ ఆఫ్ వర్క్’ అంటే ఆఫీసు నుంచి బయటికొచ్చానని కాదు, ఉద్యోగం లేదని. సాయంత్రం ఆరింటికి బండి తీస్తూ ఇంటికి ఈ మెసేజ్ పెట్టకండి, టెన్షన్ పడతారు.

‘డ్యూటీ’ కూడా ఇక్కడే చెప్పేస్తాను. ‘ఐ యామ్ గోయింగ్ టు డ్యూటీ’ మన దగ్గర అందరికీ అర్థమవుతుంది, బయట ఎబ్బెట్టుగా ఉంటుంది. నర్సులు, పోలీసులు ‘ఆన్ డ్యూటీ’ అనొచ్చు, వెళ్ళడం మాత్రం అందరూ ‘టు వర్క్’కే.

‘ఐ యామ్ ఇన్ వర్క్ ఫ్రమ్ హోమ్’ అనే కొత్త తప్పు ఒకటి 2020 తర్వాత బాగా పెరిగింది. ‘ఐ యామ్ వర్కింగ్ ఫ్రమ్ హోమ్’ అంటే సరిపోతుంది.

7. ‘జాబ్’తో కలిపేయకండి

‘జాబ్’ లెక్కకొస్తుంది, ‘వర్క్’ రాదు. అందుకే ‘ఎ’ విషయంలో రెండూ ఎదురెదురు.

- ‘ఐ గాట్ జాబ్’ తప్పు, ‘ఐ గాట్ ఎ జాబ్’ ఒప్పు.
- ‘ఐ యామ్ లుకింగ్ ఫర్ ఎ వర్క్’ తప్పు, ‘ఫర్ వర్క్’ లేదా ‘ఫర్ ఎ జాబ్’ ఒప్పు.
- ‘గుడ్ వర్క్!’, ‘గుడ్ జాబ్!’ అని విడిగా మెచ్చుకుంటే రెండూ ఒప్పే. వాక్యంలో పెడితే మాత్రం ‘యూ డిడ్ ఎ గుడ్ జాబ్’, ‘యూ డిడ్ గుడ్ వర్క్’.

‘ఐ యామ్ డూయింగ్ జాబ్ ఇన్ హైదరాబాద్’ అనే వాక్యం ‘జాబ్ చేస్తున్నా’కి నకలు. ‘ఐ వర్క్ ఇన్ హైదరాబాద్’ అనండి, రెండు మాటలు తగ్గుతాయి. నాన్నగారి వృత్తి చెప్పేటప్పుడు కూడా ‘మై ఫాదర్స్ వర్క్ ఈజ్ ఫార్మింగ్’ అని తిప్పకుండా ‘మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్’ అంటే చాలు.

ఒక్కోసారి ‘జాబ్’కి చిన్న పని అనే అర్థం కూడా ఉంటుంది. కార్పెంటర్‌తో ‘త్రీ వర్క్స్ ఆర్ దేర్’ అనే బదులు ‘దేర్ ఆర్ త్రీ స్మాల్ జాబ్స్’ అనొచ్చు. తలుపు, అల్మరా, కిటికీ అని లెక్క చెప్పడానికి ఇదే సరైన మాట.

8. హార్డ్ వర్క్ దగ్గర ఆగి చూసుకోండి

ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళు ఈ భాగం రెండుసార్లు చదవండి.

‘హార్డ్ వర్క్’ రెండు మాటలు, విడిగా రాయాలి. ‘హార్డ్‌వర్కింగ్’ మాత్రం ఒకటిగా, లేదా మధ్యలో గీతతో. ‘ఐ యామ్ ఎ హార్డ్ వర్క్’ అంటే నేనొక కష్టమైన పని అని. మీరు చెప్పాలనుకున్నది ‘ఐ యామ్ హార్డ్‌వర్కింగ్’ లేదా ‘ఐ యామ్ ఎ హార్డ్ వర్కర్’.

ఇంతకంటే ప్రమాదం ‘హార్డ్లీ’. ‘గా’ చేర్చాలంటే ‘లీ’ పెట్టాలని బళ్ళో నేర్చుకున్నాం కాబట్టి కష్టంగా అంటే ‘హార్డ్లీ’ అనుకుంటాం. ‘ఐ హార్డ్లీ వర్క్’ అంటే ‘నేను పనే చెయ్యను’ అని. ఉద్యోగం ఇవ్వాల్సిన మనిషి ముందు అంత నిజాయితీ అక్కర్లేదు. ‘ఐ వర్క్ హార్డ్’, అంతే.

9. వర్క్ కుటుంబం

వర్క్‌కి ఉన్న నియమమే దాని పిల్లలకు చాలావరకు వర్తిస్తుంది. ‘హోంవర్క్స్’ లేదు, ‘హోంవర్క్’ మాత్రమే. ఎన్ని సబ్జెక్టులున్నా అంతే. ‘పేపర్‌వర్క్’, ‘హౌస్‌వర్క్’, ‘టీమ్‌వర్క్’, ‘ఫీల్డ్‌వర్క్’ కూడా అదే దారి.

మాట వినని పిల్లలు: ‘నెట్‌వర్క్స్’, ‘ఫ్రేమ్‌వర్క్స్’, ‘ఫైర్‌వర్క్స్’. వీటికి ‘ఎస్’ వస్తుంది.

మన మగ్గం వర్క్ సంగతి కూడా అడుగుతుంటారు. ‘ది వర్క్ ఆన్ దిస్ బ్లౌజ్ ఈజ్ లవ్లీ’ అంటే నిక్షేపంగా ఉంది. తెలియనివాళ్ళకు చెప్పేటప్పుడు ‘ఎంబ్రాయిడరీ’ అని కలిపితే చాలు. రెండు జాకెట్లకు ‘టూ వర్క్స్’ కాదు, ‘వర్క్ ఆన్ టూ బ్లౌజెస్’.

10. మెయిల్‌లో, లీవ్‌లో వచ్చే తప్పులు

ఇవి మాట్లాడేటప్పుడు జారిపోయినా ఫర్వాలేదు, రాతలో ఉండిపోతాయి.

‘ఐ యామ్ హ్యావింగ్ సమ్ వర్క్’ అని కాకుండా ‘ఐ హ్యావ్ సమ్ వర్క్’ అని రాయండి. ‘ఉంది’ అనే అర్థంలో ‘హ్యావింగ్’ వద్దు.

‘వర్క్ ఈజ్ దేర్ ఇన్ ది ఆఫీస్’ మన ‘ఆఫీసులో పని ఉంది’కి అచ్చు గుద్దినట్టు ఉంటుంది. ‘ఐ హ్యావ్ వర్క్ ఎట్ ది ఆఫీస్’ అని మనిషితో మొదలుపెట్టండి.

‘ఐ నీడ్ లీవ్ డ్యూ టు సమ్ పర్సనల్ వర్క్’ స్థానంలో ‘ఫర్ పర్సనల్ రీజన్స్’ పెట్టండి.

‘సమ్ వర్క్స్ ఆర్ పెండింగ్’కి బదులు ‘సమ్ ఆఫ్ ది వర్క్ ఈజ్ స్టిల్ పెండింగ్’. ఇంకా మంచిది, ఏవి మిగిలాయో పేర్లు రాసేయడం. ‘ది రిపోర్ట్ అండ్ ది బిల్స్ ఆర్ పెండింగ్’ అని రాస్తే ‘ఆర్’ హాయిగా వాడుకోవచ్చు, చదివేవాళ్ళకు మళ్ళీ ‘విచ్ వర్క్స్?’ అని అడిగే పని తప్పుతుంది.

పంపే ముందు ఈ నాలుగూ చూసుకోండి:

- మెయిల్‌లో ‘వర్క్స్’ అని వెతకండి. దొరికితే అది క్రియా, కట్టడమా, కళా? మూడూ కాకపోతే ‘ఎస్’ కొట్టేయండి.
- ‘ఎ వర్క్’, ‘వన్ వర్క్’, ‘ఎ స్మాల్ వర్క్’ ఉన్నాయా? ‘ఎ’ ఎవరిదో చూడండి.
- వెనకాల ‘ఆర్’, ‘దెమ్’, ‘దీజ్’ మిగిలిపోయాయా?
- అసలు ఆ చోట ‘వర్క్’ అవసరమా, పని పేరు చెబితే పోదా?

11. పలకడం

రెండే జాగ్రత్తలు. మనది అజంత భాష, ప్రతి మాట చివరా అచ్చు కోరుకుంటాం కాబట్టి ‘వర్కు’ అయిపోతుంది. ‘క్’ దగ్గర ఆపేయండి. రెండోది, ‘నడక’కి వాడే ‘వాక్’తో కలవకూడదు. ‘వర్క్’లో అచ్చు ‘బర్డ్’, ‘గర్ల్’లో ఉన్నలాంటిది, ‘వాక్’లో నోరు ఇంకా తెరుచుకుంటుంది. ‘ఐ వాక్ ఇన్ ఎ బ్యాంక్’ అంటే బ్యాంకులో నడుస్తానని. ‘వ’ దగ్గర పై పళ్ళు కింది పెదవికి తగలకుండా, పెదవులు గుండ్రంగా చుట్టి వదలండి, దీపం ఊదేటప్పుడు చుట్టినట్టు.

12. నోటికి ఎక్కించుకోవడం

నోరు జారి ‘వర్క్స్’ అనేశారనుకోండి, మధ్యలో ఆగి సారీ చెప్పకండి. తర్వాతి వాక్యంలో ఒప్పు రూపం వాడి ముందుకెళ్ళిపోండి. ఇంట్లో పిల్లలుంటే ‘ఎస్’ వినబడినప్పుడల్లా రూపాయి జరిమానా పెట్టండి. మా ఇంట్లో పెట్టాం, మొదటి వారం ఎక్కువ కట్టింది నేనే.

ఇప్పుడు ఈ ఆరు వాక్యాలు జవాబులు మూసేసి ఇంగ్లీషులో చెప్పి చూడండి. తర్వాత మీ జాబితాలోని పదీ.

(1) ఇవాళ నాకు చాలా పని ఉంది. (2) బయట రెండు మూడు పనులున్నాయి. (3) అన్ని పనులూ అయిపోయాయి, పంపించేశాను. (4) మీతో చిన్న పని ఉందండీ. (5) మా అక్క ఇప్పుడు ఆఫీసులో ఉంది. (6) పాపకి ఇంకా రెండు హోంవర్కులు మిగిలాయి.

జవాబులు:

(1) ‘ఐ హ్యావ్ ఎ లాట్ ఆఫ్ వర్క్ టుడే.’
(2) ‘ఐ హ్యావ్ టు గో అవుట్ ఫర్ ఎ ఫ్యూ థింగ్స్.’
(3) ‘ఆల్ ది వర్క్ ఈజ్ డన్, అండ్ ఐ హ్యావ్ సెంట్ ఇట్.’
(4) ‘కెన్ ఐ టాక్ టు యూ ఎబౌట్ సంథింగ్?’
(5) ‘మై సిస్టర్ ఈజ్ ఎట్ వర్క్.’
(6) ‘షి స్టిల్ హ్యాజ్ హోంవర్క్ ఇన్ టూ సబ్జెక్ట్స్.’

ఆరోది తప్పినవాళ్ళు తొమ్మిదో అడుగుకి, మూడోదానిలో ‘దెమ్’ అన్నవాళ్ళు మూడో అడుగుకి వెనక్కి వెళ్ళండి.